క్రిందపడినవాని ధర్మము

బలవంతుడు బలహీనుని కొట్టినప్పుడు బలవంతుని ధర్మమేమి యని విచారించుట లోకమున పరిపాటి. న్యాయస్థానములును, నీతిబోధకులును, పత్రికలును ఆ విచారణమునే చేయుచుందురు. అది యుక్తమే. కాని దెబ్బతిని క్రిందపడినవానికి గూడ ధర్మ మొకటి యుండునా? పడినవాడు బాధపడుట తప్ప, లేవగలిగినచో లేచి యింటికి పోవుట తప్ప, వానికి వేఱు కర్తవ్య మేమియు లేదని పలువురి తలంపు. నేనును చిరకాల మట్లే తలంచితిని. వీధిలో సైకిలు త్రొక్కువాడు మోటారుబండి తగిలి పడినపిమ్మట చేయవలసిన దేమి యను చిన్న ప్రశ్నను బట్టి యీ విషయమును గొంత విచారింపదలచితిని. ప్రశ్న చిన్నదిగా గానవచ్చును గాని, సత్యము, క్షమ, ధైర్యము, పొరుగువాని మేలు అను పెద్ద సంగతులు దానిలో చిక్కుకొని యున్నవి.

ముందుగా నా యనుభవ మొకటి చెప్పవలసియున్నది. అది నాకు గౌరవము తెచ్చునది కాదు. కొన్ని యేండ్లక్రిందట నొక యుదయమున కూరలకొఱకు సైకిలుపై బజారునకు పోవుచుండగా, మలుపు తిరుగుచున్న కారొకటి నా వెనుకచక్రమునకు తగిలినది. నేను ఎడమచేతిమీద పడితిని. కారు నిలిచినది. తోలుచున్న పెద్దమనుష్యుడు అద్దము దించి, "ఏమండీ, దెబ్బ తగిలిందా?" యని యడిగెను. నేను బట్టల దుమ్ము దులుపుకొనుచు, "అబ్బే, పరవాలేదండీ, మీరు వెళ్ళండి" అంటిని. ఆయన వెళ్ళెను. చుట్టుచేరిన నలుగురును వెళ్ళిరి. వంగిన చక్రము నీడ్చుకొనుచు నేను నిల్లు చేరితిని. సాయంకాలమునకు మణికట్టు ఉబ్బెను. మఱునాడు వైద్యుడు ఎముక విఱిగినదని చెప్పి కట్టు కట్టి, "ఏ బండి? నంబరు చూచితిరా?" యని యడిగెను. కారు తెల్లనిదని మాత్రమే నాకు తెలియును. ఇంటిలో నా భార్య, "ఆయన అడిగినప్పుడు నిజం చెప్పడానికి ఏం అడ్డం వచ్చిందండీ?" యని యడిగినది. ఆ ప్రశ్నకు నాడు నాకు సమాధానము దొరకలేదు. ఈ వ్యాసము దానికి నే నాలస్యముగా చెప్పుచున్న సమాధానమని చదువరులు భావింపవచ్చును.

"పరవాలేదు" అను మాటను మనము మర్యాదగా నెంచుచున్నాము. కాలు త్రొక్కినవానితోను, అప్పు తీర్పనివానితోను, ఆలస్యముగా వచ్చినవానితోను అదే మాట యనుచుందుము. చిన్న సంగతులయందు అది సంసారమును నడుపు నూనెవంటిది. కాని వీధిలో పడిన క్షణమున నా నోట వచ్చిన యా మాట మర్యాద కాదు, అబద్ధము. పరవా యున్నదో లేదో నాకే తెలియనప్పుడు, లేదని నిశ్చయముగా చెప్పితిని. ఆ యబద్ధమునకు నాలుగు కారణములు నాలో నాకు కనబడినవి. శరీరము చేయు మోసము మొదటిది, సిగ్గు రెండవది, అలవాటైపోయిన యణకువ మూడవది, దయ యని నేను పేరు పెట్టుకొన్నది నాలుగవది.

శరీరపు మోసమును గూర్చి ముందు చెప్పెదను. దెబ్బ తగిలిన క్షణమున దేహము భయముచేత నుద్రేకించి నొప్పిని కప్పివేయును. అందుచేత విఱిగిన యెముకతో లేచి నడచువారును గలరు. తలకు దెబ్బ తగిలినవాడు కొంతసేపు తెలివితో మాటలాడి, తన పేరును ఊరును సరిగా చెప్పి, గంటకో రెండుగంటలకో స్పృహ తప్పుట వైద్యు లెఱిగిన సంగతి. కపాలమునకు లోపల రక్తము మెల్లగా చేరుటయే దానికి కారణము. సైకిలు త్రొక్కు పిల్లలయందు మఱియొక యపాయము కలదు. పడునప్పుడు హ్యాండిలు కొన కడుపులో గ్రుచ్చుకొనును. పైన చిన్న కమిలిన మచ్చ తప్ప మఱేమియు కానరాదు. లోపల ప్లీహమునకో కాలేయమునకో క్లోమమునకో గాయమై గంటలు గడచినపిమ్మట బయటపడును. కావున పడినవాని మొదటి ధర్మము తన దేహమునుగూర్చి తొందరపడి సాక్ష్యము చెప్పకుండుట. "ఎట్లున్నది?" యని యడిగినవారికి "ఇంకను తెలియదు, చూచుకోవలె" ననుటయే సత్యము.

చేయవలసిన పనులును ఈ సత్యమునుండియే పుట్టును. లేవగలిగినవాడు దారినుండి తొలగవలెను. రెండవ బండి వచ్చి కొట్టుట గలదు. మెడయో నడుమో నొప్పిగా నున్నవాడు, కాలుసేతులు తిమ్మిరి యెక్కినవాడు, లేవక కదలక యుండవలెను. చుట్టుచేరినవారు దయతోనే వానిని కాళ్ళు చేతులు పట్టి యెత్తి యాటోలో కూర్చుండబెట్టుదురు; స్పృహ లేనివాని నోట నీళ్ళు పోయుదురు. మొదటిదానిచేత వెన్ను చెడును. రెండవదానిచేత ఊపిరితిత్తులలో నీరు చేరును. 2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో నారంభమైన 108 అంబులెన్సు సేవ యిట్టివానిని సరిగా పరుండబెట్టి తీసికొనిపోవుటకే యేర్పడినది. లేచి నడువగలిగినవాడును ఆ దినమే వైద్యునకు చూపించుకొనవలెను. ఆ రాత్రి వాంతులుగాని, తగ్గని తలనొప్పిగాని, మేలుకొలిపినను లేవని నిద్రగాని, కడుపునొప్పిగాని కలిగినయెడల తెల్లవాఱువఱకు వేచియుండరాదు. ఇది యింటివారికిని తెలిసియుండవలెను. ఏలయన నిద్రించుచున్నవానికి తన మత్తు తెలియదు.

ఇక సిగ్గు. పడినవాడు మొట్టమొదట చూచుకొనునది గాయమును గాదు. ఎవరు చూచిరో యని నలుదిక్కులు చూచును. పడుట యేదో యసమర్థతయైనట్లు మనకు తోచును. నేను దుమ్ము దులుపుకొన్న తొందర యంతయు ఆ నలుగురి యెదుటనుండి తప్పించుకొను తొందరయే. నిజమునకు సిగ్గుపడవలసిన దేమున్నది? మోటారుబండికిని సైకిలుకును ఢీకొనుట మోటారంత పాతది. 1896వ సంవత్సరము మే 30వ తేదీన న్యూయార్కు నగరములో నొక మోటారుబండి సైకిలుపై పోవుచున్న యొక స్త్రీని తాకగా నామె కాలు విఱిగినది; తోలినవానిని ఆ రాత్రి నిర్బంధమున నుంచిరి. అమెరికా దేశమున మోటారుబండివలన జరిగిన మొదటి ప్రమాదములలో దానిని లెక్కింతురు. నాటినుండి నేటివఱకు రెండు చక్రములమీద నిలువబడి పోవువాడు పడుచునే యున్నాడు. పడుట వాని దోషమైనను కావచ్చును, కాకపోవచ్చును. కాని పడుట మాత్రము అవమానము కాదు.

మూడవదియగు అణకువ యింతకంటె లోతైనది. మన యూళ్ళలో సైకిలుమీద తిరుగువా రెవరు? తెల్లవాఱుజామున పాలు పోయువాడు, పత్రికలు వేయు కుఱ్ఱవాడు, తాపీపని కేగు కూలివాడు, బడికి పోవు బాలిక. కారులోనివారిని నిలువదీసి మాటాడుటకు వారికి నోరు రాదు. చదువుకొన్న నాకే రాలేదు. తోలువాడు "హారను కొట్టితిని గదా, వినబడలేదా?" యని యొక్కమాట యన్నంతనే, తప్పు తమదేయని వారు నమ్ముదురు. ఈ వాదము క్రొత్తది కాదు. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున బండివలన హాని కలిగినను శిక్ష లేని సందర్భములు పది చెప్పబడినవి. ముక్కుత్రాడు తెగుట, కాడి విఱుగుట, ఇరుసు విఱుగుట, చక్రము విఱుగుట మొదలగునవి వానిలోనివి. ఇవన్నియు తోలువాని చేతిలో లేనివి, అర్థము చేసికొనవచ్చును. కాని యన్నిటికంటె చివర, తోలువాడు తొలగుడని యఱచియుండుటయు నొక సందర్భముగా చేర్చబడినది. అఱచినవాడు నిర్దోషి యన్నమాట! చెవిటివాడు, ముసలివాడు, బరువు మోయువాడు, పసివాడు ఆ కేకకు తొలగలేకపోయిన నేమి చేయవలెను? ఆ పాత కేకయే నేడు హారనుగా మన వీధులలో నిలిచియున్నది. అదే యధ్యాయమున మెచ్చదగిన మాటయు గలదు. తోలువాని నేర్పులేమిచే హాని కలిగినచో బండియజమానుడు రెండునూఱుల పణములు చెల్లింపవలెననియు, నేర్పులేనివాని బండి నెక్కినవారును నూఱేసి పణములు చెల్లింపవలెననియు నున్నది. బలమైన వాహనము నెక్కినవానికి బలమైన బాధ్యత గలదను భావము మనకు పరాయిది కాదని దీనివలన తేలుచున్నది. పూర్వుల మాటలలో కేకను విడిచి బాధ్యతను గ్రహించుట మన పని.

కావున పడినవాని రెండవ ధర్మము తప్పు తనదని గాని యెదుటివానిదని గాని యక్కడికక్కడే తీర్పు చెప్పకుండుట, జరిగినదానిని జరిగినట్లు నిలుపుట. బండి సంఖ్య, తోలువాని పేరు, చూచినవారిలో నొకరిద్దఱి పేర్లు, వేళ, చోటు వ్రాసికొనవలెను. చేతిలో ఫోను ఉన్నచో సైకిలును బండిని కదల్పకముందే ఫొటో తీయవలెను. తాను తీయలేనిచో ప్రక్కవానిని తీయుమని యడుగవలెను. పోలీసులకు తెలుపవలెను, 112కు ఫోను చేసినను చాలును. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 134వ విభాగము తోలువానికి విధించిన ధర్మములు పడినవాడును ఎఱిగియుండుట మంచిది. గాయపడినవానిని వైద్యుని కడకో యాసుపత్రికో చేర్చుటకు తోలువాడు ప్రయత్నింపవలెను. పోలీసు అధికారి యక్కడ లేనిచో దగ్గఱి ఠాణాలో వీలైనంత త్వరగా, ఇరువదినాలుగు గంటలు మించకుండ తెలుపవలెను. నేను "మీరు వెళ్ళండి" యని చెప్పినప్పుడు, చట్టము చేయుమన్న పనిని మానుమని ఆ పెద్దమనుష్యునకు సెలవిచ్చితినన్నమాట.

ఆ విభాగముననే మఱియొక మాట యున్నది. గాయపడినవానికి సాయపడు విధినుండి తోలువానికి మినహాయింపు ఎప్పుడనగా, జనుల గుంపుయొక్క యాగ్రహముచేత గాని తన వశము కాని మఱియే కారణముచేత గాని సాధ్యము కానప్పుడు. చట్టము వ్రాసినవారు మన వీధుల నెఱిగియే యీ మాట వ్రాసిరి. ఎవడైన పడగానే గుంపు చేరును. ఏ బండి పెద్దదో ఆ బండివాడు దోషి యని నిశ్చయించును. వానిని చొక్కా పట్టి లాగి కొట్టుదురు. న్యాయము జరిగినదని తృప్తి పడుదురు. పడినవాడు నేలమీదనే యుండును. ఈ భయముచేతనే మంచివాడైన తోలువాడును బండి నాపక పాఱిపోవును. పాఱిపోయినవానికి చట్టములోని యీ మినహాయింపు తగిన సాకగును. అనగా నేటి గుంపు తన్నిన తన్ను రేపు మఱియొక వీధిలో పడినవానికి దిక్కు లేకుండ చేయుచున్నది. అందుచేత పడినవాని మూడవ ధర్మము తన పేర జరుగు కొట్లాటను ఆపుట. గుంపు వాని పక్షము వహించినది గనుక వాని మాట యొక్కటే వారు వినుదురు. "కొట్టకండి బాబూ, నంబరు వ్రాసికొనండి, అంబులెన్సుకు ఫోను చేయండి" యని నేలమీదనుండి యొకడు చెప్పగలిగినచో, వీధిలో ఆ క్షణమున వానికంటె గొప్ప నాగరికుడు లేడు. స్పృహ లేనివానికి ఇది సాధ్యము కాదు. అప్పుడు ఆ ధర్మము ప్రక్కనున్న మనది.

ప్రక్కనున్నవాడు ఠాణా చుట్టును కోర్టు చుట్టును తిరుగవలసివచ్చునను భయముచేత తొలగిపోవు కాలమొకటి యుండెను. సుప్రీముకోర్టు 1989వ సంవత్సరమున తీర్పు చెప్పిన యొక వ్యాజ్యమునకు మూలమైన వార్త యిట్టిది. వేగముగా పోవు కారు తగిలి స్కూటరుమీది మనుష్యుడు పడగా, దారినపోవు దయాళువొకడు వానిని దగ్గఱి యాసుపత్రికి చేర్చెను. పోలీసుకేసు గనుక తాము చూడరాదని యక్కడి వైద్యులు ఇరువది కిలోమీటర్ల దూరపు ఆసుపత్రికి పొమ్మనిరి. త్రోవలో వాని ప్రాణము పోయినది. ప్రాణము నిలుపుటకంటె ముందు నడువవలసిన వ్యవహారము మఱేదియు లేదనియు, ప్రతి వైద్యుడును వెంటనే చికిత్స చేయవలసినదే యనియు న్యాయస్థానము తీర్పు చెప్పెను. సాయము చేసినవారిని వేధింపరాదను మార్గదర్శకములకు అదే న్యాయస్థానము 2016లో కట్టుబడి యుండు బలము నిచ్చినది. 2019 నాటి సవరణ 134ఏ విభాగమును చేర్చి, సద్బుద్ధితో సాయపడినవానికి రక్షణ కల్పించెను; తన పేరు చెప్పుమని వానిని నిర్బంధింపరాదని దాని క్రింద చేసిన నియమములు స్థాపించినవి. చట్టము వచ్చినంత త్వరగా ధైర్యము రాలేదు. అది యిండ్లలో నేర్పవలసినది.

ఇక నాలుగవ కారణమగు దయను విచారింతము. ఇందే నిజమైన చిక్కు గలదు. సజ్జను లొకరు నన్నిట్లడుగవచ్చును: "క్షమ గొప్ప గుణము గదా. ఆయన కావలెనని చేయలేదు. పేరు వ్రాసికొని, పోలీసులకు చెప్పి, పరిహార మడిగి, యొక గృహస్థుని కోర్టుల చుట్టు త్రిప్పుట ధర్మమా? ఊరకుండుట మేలు కాదా?" ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. పగ తీర్చుకొనుటకు చట్టమును వాడుకొనువారు గలరు. గోటిగాయమునకు వేలు గుంజువారును గలరు. వారివలన నిజముగా పడినవానికిని నమ్మకము పోవుచున్నది.

అయినను నాకు తోచిన సమాధాన మిది. తెలియనిదానిని క్షమించుట సాధ్యము కాదు. నా చేయి విఱిగినదని నాకు తెలియకముందే నేను దేనిని క్షమించితిని? క్షమ యనగా హానిని పూర్తిగా చూచి, దానిని లెక్కించి, పగను మాత్రము విడుచుట. చూడకుండుట క్షమ కాదు. మఱియు నాకు జరిగిన హానిని క్షమించు నధికారము నాకు గలదు గాని, యితరులకు జరుగబోవుదానిని క్షమించు నధికారము నాకు లేదు. ఆ మలుపు చూపు మఱుగగు మలుపైయుండవచ్చును. ఆ తోలువాని కంటిచూపు తగ్గియుండవచ్చును. నే నొక్కమాట వ్రాయించియున్నచో ఆ చోట నేమున్నదో యెవరైన చూచియుందురు. ఎవరును వ్రాయింపని ప్రమాదములు లెక్కకు రావు. లెక్కకు రాని చోట వెలుతురుగాని, వేగము తగ్గించు మిట్టగాని, సైకిళ్ళకు వేఱుదారిగాని పడవు. మౌనముగా లేచిపోయిన పదిమంది వెనుక పదునొకండవవాడు పడుచున్నాడు.

పైగా, ఊరకుండుటచేత తోలువానికి మేలు చేయుచున్నామనుకొనుట చాలవఱకు భ్రమ. మోటారుబండికి ఇతరులకు కలుగు హానినిమిత్తము బీమా యుండవలెనను నియమము 1939 నాటి చట్టమునుండియు మన దేశమున గలదు. నేటి చట్టములో 146వ విభాగము దానినే విధించుచున్నది. బీమా యున్న తోలువాడు పరిహారమును తన పిల్లల కూటినుండి తీసి యీయవలసిన పనిలేదు. 2022వ సంవత్సరము ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన 164వ విభాగము ప్రకారము, తప్పెవరిదని నిరూపింపకయే తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు, మరణమునకు ఐదు లక్షల రూపాయలు కోరవచ్చును. ఎముక విఱుగుట మన నేరస్మృతిలో తీవ్రగాయముల పట్టికలోనిది. నేను "పరవాలేదు" అన్న గాయము చట్టము దృష్టిలో తీవ్రగాయమే! తగిలి పాఱిపోయిన బండి యేదో తెలియనప్పుడును, అదే తేదీనుండి మృతుని కుటుంబమునకు రెండు లక్షలు, తీవ్రగాయమునకు ఏబదివేలు ఇచ్చు పథకము గలదు. 2025వ సంవత్సరము మే నెలలో ప్రకటింపబడిన పథకము ప్రకారము, మోటారుబండివలన గాయపడినవానికి ఏడు దినములవఱకు లక్షన్నర రూపాయల చికిత్స చేతిసొమ్ము లేకయే దొరకవలెను. ట్రిబ్యునలులో దరఖాస్తు పెట్టుకొనుటకు 2019 నాటి సవరణ ఆఱు మాసముల గడువు విధించినది గనుక ఆలస్యము తగదు. ఇవి యన్నియు ప్రమాదము జరిగినట్లు ఆధార మున్నవానికే యుపయోగించును. "పరవాలేదు" అని లేచిపోయినవానికి ఏ ద్వారమును తెఱువబడదు.

అక్కడికక్కడే చేతిలో నైదువందల నోటు పెట్టుటయు నొక యాచారము. పాలవాని డబ్బా వలికినది, చక్రము వంగినది. నోటు చూడగానే వానికి ఆ దినపు నష్టము కనబడును, మఱునాటి నొప్పి కనబడదు. పుచ్చుకొనుటను నేను తప్పనను. ఆ పూట వాని యింట పొయ్యి వెలుగవలెను. అయితే నోటు పుచ్చుకొన్నను నంబరు వ్రాసికొనవలెను, వైద్యునకు చూపించుకొనవలెను. అది జరిగిన నష్టములో కొంతకు వెల. మాటాడకుండుటకు వెల కాదు. ఇచ్చువాడును దీనితో తన ఋణము తీరినదని తలంపరాదు.

ఈ ధర్మము పక్షపాతము లేనిదై యుండవలెను. తప్పు సైకిలువానిదే యైనచో? చీకటిలో దీపము లేక పోవుట, ఎదురుదారిన పోవుట, ఎఱ్ఱదీపము దాటుట మనము చేయుచునే యున్నాము. అప్పుడును పడినవాడు జరిగినట్లే చెప్పవలెను. తన దీపములేమిని దాచి బండివానిని దోషిని చేయుట, "పరవాలేదు" అనుటకంటె నీచమైన యబద్ధము. తన వంతు తప్పు తగ్గింపగా మిగిలిన పరిహారము ట్రిబ్యునలు ఇప్పింపవచ్చును. సత్యమువలన సర్వము పోదు. మఱియు సైకిలే యొక ముసలమ్మను తాకి పడద్రోసినప్పుడు, మనమే బలమైన వాహనము. సైకిలుకు నిర్బంధపు బీమా లేదు. కావున మన నిలుకడయే ఆమెకు బీమా. ఆమె "పరవాలేదు నాయనా, నువ్వు పో" అన్నను పోరాదు. తుంటియెముక విఱిగిన వృద్ధులును మొదట ఆ మాటయే యందురు.

ఇంతవఱకు వీధిని గూర్చి చెప్పితిని. ఇక గృహమును గూర్చి యొక మాట చెప్పక విడువలేను. ఏలయన ఈ యబద్ధమును మనము మొదట నేర్చుకొనునది యింటిలోనే. బీహారు ప్రభుత్వము 2006లో బాలికలకు సైకిళ్ళిచ్చు పథకము నారంభించినది. పిమ్మట ఆంధ్రప్రదేశ్‌లోను బడికొస్తా యను పేర తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళు పంచిరి. నాలుగు కిలోమీటర్ల దూరమున హైస్కూలున్న పల్లెలో సైకిలు బాలికకు చదువే. ఆమె యొకనాడు ఆటో తగిలి పడి, మోకాలు చీరుకొని వచ్చినదనుకొందము. ఇంటిలో వినబడు మొదటి మాట యేది? "అందుకే వద్దన్నాను." రెండవ మాట, "ఇక సైకిలు ముట్టకు." ఆటోవాని నెవరును ఏమియు ననలేదు, శిక్ష పడినది పడినదానికే. ఇది చూచిన చెల్లెలు రేపు తాను పడినప్పుడు గాయమును ఓణీక్రింద దాచి, "ఏమీ లేదమ్మా" యనును. లోపల గాయమైన కడుపునొప్పినిగూడ ఆమె దాచును. పిల్ల ప్రాణము ఆ దాపరికముచేత పోవచ్చును. పిల్లలు నిజము చెప్పవలెనన్నచో, నిజము చెప్పినందుకు సైకిలు పోదను నమ్మకము వారికి ముందు కలుగవలెను. తల్లిదండ్రులు మొదట గాయము చూడవలెను. పిమ్మట ఎట్లు జరిగినదో కోపములేక వినవలెను. చక్రము బాగుచేయించి, దీపమో గంటయో లేనిచో పెట్టించి, మరల బడికి పంపవలెను. భయమును తీర్చుటకు తండ్రి రెండు దినములు వెంట నడిచినను మంచిదే. సైకిలును అటకమీద పెట్టుట మాత్రము పరిష్కారము కాదు.

ఇప్పుడు నా భార్య ప్రశ్నకు సమాధానము చెప్పగలను. నిజము చెప్పుటకు అడ్డము వచ్చినది ఆయన కాదు, నేనే. నలుగురిలో చులకనగుదునను సిగ్గును మర్యాదగాను, కారులోని మనుష్యునియెడల గల జంకును క్షమగాను నేను పొరపడితిని. అందువలన నష్టపడినవారు ముగ్గురు. రెండు మాసములు ఒంటిచేతివానితో అవస్థపడిన యింటివారు ఒకరు. ఆ మలుపున నా తరువాత పోవువారు ఒకరు. మూడవవాడు ఆ కారు తోలిన పెద్దమనుష్యుడు. ఈ మూడవవానిని గూర్చి నాకు చాలకాలము తట్టలేదు. ఆయన పాఱిపోలేదు, నిలిచెను, అద్దము దించెను, అడిగెను. తప్పు దిద్దుకొనుటకు ఒక మనుష్యుడు ముందునకు వచ్చినప్పుడు, నే నబద్ధమాడి వానిని వెనుకకు పంపితిని. ఆయన యింటికి పోయి, ఏమియు జరుగలేదని భార్యతో చెప్పియుండును. అది ఆయన నమ్మిన నిజము. నా చేయి విఱిగినదని ఆయనకు నేటికిని తెలియదు. మలుపున నెమ్మదింపవలెనను పాఠము ఆయనకు చెప్పవలసినవాడను నేనొక్కడనే, చెప్పలేదు.

ఇట్టి సమయము మరల రాకుండుగాక. వచ్చినచో నేను చెప్పదలచిన మాటలను ముందే సిద్ధపఱచుకొన్నాను. చదువరులును తమ పిల్లలచేత నొకమాఱు చెప్పించి చూడుడు; పలుకుటకు కష్టమైనవి కావు. "దెబ్బ తగిలిందండీ. ఎంతో ఇంకా తెలియదు. మీరు కొంచెం ఆగండి. మీ పేరు చెప్పండి, నంబరు వ్రాసుకుంటాను. ఆసుపత్రికి వెళదాం." వీనిలో కోపము లేదు, నింద లేదు, బేరము లేదు. ఉన్నది జరిగిన సంగతి మాత్రమే. పడినవాని ధర్మ మింతకంటె నెక్కువ యేమియు లేదు. ఇంతకంటె తక్కువయు కాదు.